పాత కంప్యూటర్‌కి కొత్త కీబోర్డు: జీర్ణోద్ధారణ మన ఇంట్లో



జీర్ణోద్ధారణ మీద వీడియో పెట్టినప్పటి నుంచి ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. "మా అమ్మమ్మ పూజించిన లక్ష్మీదేవి పటానికి చెద పట్టింది, మారిస్తే దోషమా?" అని ఒకరు అడిగారు. "మా ఊళ్ళో గుడి ఒరిగిపోయింది, విప్పి మళ్ళీ కడితే అది పాత గుడే అవుతుందా?" అని ఇంకొకరు. అడిగిన తీరు వేరు గానీ లోపల ఉన్న భయం ఒక్కటే. మారిస్తే పెద్దవాళ్ళు ఇచ్చింది పోతుందేమో, మార్చకపోతే ఉన్నది కూడా పాడవుతుందేమో.

దీనికి మన ఆగమాల్లో చక్కటి సమాధానం ఉంది. ఈసారి దాన్ని ఒక కీబోర్డు ద్వారా చెప్తాను. నవ్వకండి, నాకు ఈ విషయం బాగా అర్థమైంది దాని వల్లే.

హనుమకొండలో మా పెద్దమ్మ ఇంట్లో దేవుడి అరమర పక్కనే ఒక పాత కంప్యూటర్ ఉంటుంది. పేరు స్పెక్ట్రమ్ ప్లస్. ఇంగ్లండ్‌లో సింక్లెయిర్ సంస్థ 1984లో తెచ్చింది. 1986 నుంచి మన దేశంలో డెసిబెల్స్ అనే సంస్థ లైసెన్సు తీసుకుని అమ్మింది. 48 కేబీ మెమొరీ. ఇప్పుడు మీ ఫోన్‌లో ఒక ఫొటోకి కూడా అది చాలదు. మా పెద్దనాయన లెక్కల లెక్చరర్. దాన్ని టీవీకి తగిలించి, బేసిక్ భాషలో తిథులు లెక్కగట్టే ప్రోగ్రామ్ ఒకటి రాసి, క్యాసెట్‌లో దాచుకున్నారు.

ఆ లెక్క చిన్నదే. ఆకాశంలో చంద్రుడు సూర్యుడిని దాటి 12 డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి అయినట్టు. 360 డిగ్రీలకు 30 తిథులు. ఆ దూరం 120 నుంచి 132 డిగ్రీల మధ్య ఉంటే శుక్ల ఏకాదశి, 300 నుంచి 312 మధ్య ఉంటే కృష్ణ ఏకాదశి. పెద్దనాయన తేదీ చెప్తే పెద్దమ్మ పక్కన కూర్చుని కొట్టేది. ఏకాదశి ఉపవాసం ఆమెది, లెక్క ఆయనది. పంచాంగం ఇంట్లో ఉన్నా, ముందు దీంట్లో చూసి తర్వాత పంచాంగంతో సరిచూసుకోవడం వాళ్ళకో ఆనందం.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఒక ఏకాదశికి పెద్దమ్మ దాన్ని ఆన్ చేయించింది. తెర వెలిగింది, అడుగున తయారుచేసినవాళ్ళ పేరు, 1982 అనే సంవత్సరం వచ్చాయి. ఏ బటన్ నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. మెషిన్ బతికే ఉంది, మనం చెప్పేది మాత్రం దానికి వినపడటం లేదు. క్యాసెట్ ఎక్కించాలన్నా 'లోడ్' అని ఆదేశం కొట్టాల్సిందే. అంటే కీబోర్డు పోతే పెద్దనాయన రాసిన ప్రోగ్రామ్ దాకా వెళ్ళే దారే మూసుకుపోయినట్టు.

"ఇది ఇంక పనికొస్తదా బిడ్డా? పారేస్తె పాపమా, ఉంచుకుంటె చాదస్తమా?" అని అడిగింది నన్ను.

ఇంట్లో రెండు వాదాలు లేచాయి. వాళ్ళబ్బాయి, మా అన్న, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. "తమ్మీ, లోపలిదంత తీసేసి కొత్త బోర్డు పెడదాం. పైన డబ్బ అట్లనే ఉంటది, అమ్మకు తెల్వనే తెల్వది" అన్నాడు. పెద్దమ్మ వాదం దానికి పూర్తిగా ఎదురు. "ఆయన చెయ్యి పెట్టిన వస్తువు. ఒక్క స్క్రూ గూడ విప్పొద్దు."

మిత్రులారా, మన సంప్రదాయం గురించి మన తరం చేసే వాదన కూడా ఇదే కదా! ఒకరు పైడబ్బా ఉంచి లోపలున్నదంతా మార్చేద్దాం అంటారు. ఇంకొకరు దేన్నీ ముట్టుకోవద్దంటారు. మొదటిదాంట్లో పేరు మిగులుతుంది, రెండోదాంట్లో వస్తువు మిగులుతుంది. ఉపాసన మాత్రం రెండింట్లోనూ ఆగిపోతుంది.

ఇప్పుడు శాస్త్రం దగ్గరికి వద్దాం. 'జీర్ణం' అంటే అరిగిపోయినది, శిథిలమైనది. 'ఉద్ధారణ' అంటే పైకెత్తడం. అరిగిపోయినదాన్ని మళ్ళీ నిలబెట్టడం అన్నమాట. ఆగమం మొదట అడిగేది ఏది దెబ్బతింది అని. చిన్న భాగానికి దెబ్బ తగిలితే బాగుచేయవచ్చు. ప్రధానమైన అంగం విరిగితే మార్చాలి. ఏది ఏదో ఆ ఆలయ సంప్రదాయం తెలిసినవాళ్ళు చూసి నిర్ణయిస్తారు. అందరికీ, అన్నింటికీ కలిపి ఒకే తీర్పు ఉండదు.

రెండో సంగతి బాలాలయం. గర్భాలయంలో పని మొదలుపెట్టే ముందు స్వామి కళను కలశంలోకి ఆవాహన చేసి, తాత్కాలికంగా కట్టిన చిన్న ఆలయంలోకి తీసుకెళ్తారు. పని ఎన్నేళ్ళు పట్టినా అక్కడ నిత్యపూజ ఆగదు. యాదాద్రిలో చూశాం కదా. ఆలయాన్ని మళ్ళీ కడుతున్నన్నాళ్ళూ స్వామి దర్శనం బాలాలయంలోనే. 2022 మార్చి 28న ప్రధానాలయం తెరుచుకుంది.

మూడోది కొలత. దీనికి మనం హనుమకొండ దాటి వెళ్ళక్కర్లేదు. వేయిస్తంభాల గుడి, అంటే రుద్రేశ్వరాలయం, 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించినది. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ గర్భగుళ్ళున్న త్రికూటాలయం. దాని ఎదుట ఉన్న కల్యాణమండపం కుంగిపోతే పురావస్తు శాఖవాళ్ళు దాన్ని పూర్తిగా విప్పేశారు. రాళ్ళకు నంబర్లు వేసి పక్కన పేర్చారు. మన చిన్నప్పుడు గుడికి వెళ్తే కనిపించింది ఆ రాళ్ళ వరసలే. పనికొచ్చే రాయిని దాని చోట్లోనే పెట్టారు, పనికిరాని రాయి స్థానంలో కొత్తది చెక్కి పెట్టారు. 2024 మార్చి 8న, మహాశివరాత్రి రోజు, మండపం మళ్ళీ తెరిచారు. కొత్త రాయి కాకతీయుల నాటిది కాదు. కానీ అది కూర్చున్న చోటు, దాని కొలత కాకతీయులవే. పక్కనున్న రాయి బరువు మోయగలుగుతోంది కాబట్టి ఇప్పుడది మండపంలో భాగమే.

ఈ మూడు మాటలూ పెట్టుకుని కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాం.

ముందు బాలాలయం. మెషిన్ విప్పకముందే అన్నతో క్యాసెట్‌ను ప్లే చేయించి, ఆ శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేయించాను. స్పెక్ట్రమ్‌లాగా నడిచే ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్‌లో పెడితే ప్రోగ్రామ్ తెరుచుకుంది. ఇప్పుడు లోపల ఏమైనా పాడైనా ఆయన రాసినది పోదు. "మరి ఇదే చాలు కదా, ఇంక కీబోర్డెందుకు?" అన్నాడు అన్న. న్యాయమైన ప్రశ్నే. బాలాలయంలో స్వామి సంపూర్ణంగానే ఉంటాడు, లోటేమీ లేదు. అయినా బాలాలయం కట్టేదే మళ్ళీ గర్భాలయానికి చేరడానికి. ల్యాప్‌టాప్ దగ్గరికి పెద్దమ్మ రాలేదు. ఆమె వేళ్ళకు తెలిసిన చోటు ఆ నల్లటి బటన్ల మీద ఉంది.

తర్వాత, ఏది జీర్ణం? విప్పి చూస్తే బోర్డంతా బాగానే ఉంది. బటన్ల కింద ఉండే పలచని ప్లాస్టిక్ పొర, మెంబ్రేన్ అంటారు, దాని తోకలు పెళుసెక్కి పగిలిపోయాయి. తప్పు ఎవరిదీ కాదు, ముప్పై ఏళ్ళు దాటిన ప్లాస్టిక్ అది. ఆ పొర మీద విద్యుత్తు ప్రవహించే గీతలుంటాయి. బటన్ నొక్కితే పై గీత, కింది గీత తాకుతాయి. పగులు కొస దగ్గర మాత్రమే ఉంటే కాస్త కత్తిరించి మళ్ళీ గుచ్చితే పనిచేయొచ్చు. మాది తోక పొడుగునా పగిలింది. బాగుచేసే దశ దాటింది, మార్చాల్సిందే.

ఇక వెతుకులాట. కోఠి గుజరాతీ గల్లీ, సికింద్రాబాద్ సీటీసీ, ఎర్రగడ్డ ఆదివారం సంత, అన్నీ తిరిగాం. "యూఎస్‌బీ కీబోర్డ్ పెట్టుకోండి సార్" అన్నారు అందరూ. కుదరదు. ఇప్పటి కీబోర్డులో సొంత చిప్ ఉంటుంది, ఏ బటన్ నొక్కారో అదే తేల్చి కంప్యూటర్‌కి చెప్తుంది. దీనికి చిప్ లేదు. ఎనిమిది తీగలు ఒకవైపు, అయిదు ఒకవైపు. కంప్యూటరే సెకనుకు 50 సార్లు ఆ ఎనిమిదింటినీ ఒక్కొక్కటిగా తట్టి, అయిదింట్లో జవాబు ఉందా అని చూసుకుంటుంది. ఈ కొలత తప్పితే ఎంత ఖరీదైన కీబోర్డైనా దీనికి మూగదే. మధ్యలో ఇంకో బోర్డు పెట్టి అనువాదం చేయించవచ్చు. అప్పుడు పెద్దమ్మ ఎరిగిన బటన్లు ఉండవు.

పాడైన ఇంకో స్పెక్ట్రమ్ ప్లస్ ఒకటి దొరికింది. ఆశగా విప్పాం. దాని పొర కూడా అదే వయసుది, చేతిలోకి తీసుకుంటుండగానే చిట్లింది. జీర్ణమైనదాన్ని తెచ్చి జీర్ణమైనదానికి అతికించలేం కదా. చివరికి తెలిసింది ఏమిటంటే, విదేశాల్లో కొందరు చిన్న తయారీదారులు ఇప్పటికీ ఈ పొరను పాత కొలతలతో కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. పోస్టులో తెప్పించాం.

పెద్దమ్మను ఒప్పించింది నేను కాదు, వేయిస్తంభాల గుడి. "మండపంలో కొత్త రాళ్ళు పెట్టిన్రు గద పెద్దమ్మా, నువ్వు మొక్కుతలేవా?" అన్నాను. కాసేపు ఊరుకుని, "విప్పేటప్పుడు నేను గూడ కూసుంట" అంది. కూర్చుంది. విప్పిన ప్రతి స్క్రూనూ పళ్ళెంలో తనే వరసగా పెట్టింది.

కొత్త పొర తోకలను వంచకుండా, బలవంతం చేయకుండా, నెమ్మదిగా గుచ్చాం. పైన ఆమె ఎరిగిన పాత బటన్లే. ఆన్ చేసి 'జె' నొక్కితే తెర మీద 'లోడ్' అనే మాట పడింది. దీంట్లో ఒక్క బటన్‌కి ఒక ఆదేశం మొత్తం వస్తుంది. క్యాసెట్ కీచుమంది, తెర అంచున ఎర్ర, నీలి చారలు పరుగెత్తాయి. పెద్దమ్మ తేదీ కొట్టింది. రాబోయే ఏకాదశి వచ్చింది. పంచాంగంతో చూస్తే కొన్ని గంటల తేడా, పెద్దనాయన ఉన్నప్పుడూ అంతే ఉండేదట. క్యాలెండర్ మీద పెన్సిల్‌తో సున్నా చుట్టింది.

ఒక హద్దు మాత్రం చెప్పాలి. జీర్ణోద్ధారణ అన్నీ తిరిగి తేలేదు. ఆ రోజు పెద్దమ్మ పక్కన తేదీ చెప్పే మనిషి లేడు, ఏ తయారీదారుడూ ఆ ఖాళీ నింపలేడు. శాస్త్రం కూడా అట్లాంటి మాట ఇవ్వదు. శాస్త్రం ఇచ్చేది, ఆయన మొదలుపెట్టిన పని ఆగకుండా సాగే దారి.

ఇప్పుడు మీ ప్రశ్నలకు వద్దాం. నిజానికి మన ఇళ్ళల్లో ఈ ధర్మం రోజూ నడుస్తూనే ఉంది. వత్తి రోజూ మారుస్తాం, కుంది అదే. జపమాల దారం తెగితే కొత్త దారంలో అవే రుద్రాక్షలు గుచ్చుకుంటాం. శ్రావణ పౌర్ణమికి కొత్త జంధ్యం వేసుకుంటాం, గాయత్రి అదే. పూరీలో జగన్నాథుడి దారుమూర్తులనే నవకళేబరంలో మారుస్తారు, 1996లో, మళ్ళీ 2015లో జరిగింది. లోపలి బ్రహ్మపదార్థం పాత మూర్తి నుంచి కొత్త మూర్తిలోకి చేరుతుంది.

కాబట్టి చెద పట్టిన పటం ఉంటే, ముందు ఫొటో తీసి దాచుకోండి. ఫ్రేమ్ మార్చితే సరిపోతుందా చూడండి. బొమ్మే పోయి ఉంటే, అదే అమ్మవారి కొత్త పటం తెచ్చి, దీపం పెట్టి, "అమ్మా, ఇన్నాళ్ళూ ఇందులో మా పూజ అందుకున్నావు, ఇకనుంచి ఇందులో అందుకో" అని మీ మాటల్లోనే చెప్పుకోండి. పాతదాన్ని రావిచెట్టు కింద వదిలేయకండి, చెరువులో ప్లాస్టిక్ ఫ్రేమ్ పడేయకండి. కాగితాన్ని వేరుచేసి శుభ్రమైన చోట మట్టికి అప్పగించండి. అద్దం, ఫ్రేమ్ రీసైక్లింగ్‌కి ఇవ్వండి. ప్రతిష్ఠ జరిగిన విగ్రహమైతే మాత్రం సొంత నిర్ణయం వద్దు, మీ పురోహితుల్ని అడగండి.

సంస్కృతం రాక పూజ మానేశామని రాసినవాళ్ళకు ఒక్క మాట. మీ ఇంటి పూజ బతికే ఉంది. మీకూ దానికీ మధ్య ఉన్న పొర పగిలింది, అంతే. అర్థం తెలుగులో ఉన్న వ్రతపుస్తకం ఒకటి తెచ్చుకోండి. తిథి, సంకల్పం, నైవేద్యం, ఇంట్లో పెద్దవాళ్ళు పాటించిన క్రమం, ఇవి కొలత. వీటిని అట్లాగే ఉంచండి. విప్పేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ స్క్రూ ఎక్కడిదో వాళ్ళకే గుర్తుంటుంది.

వచ్చే వీడియోలో సంప్రోక్షణ గురించి, అంటే పని పూర్తయ్యాక స్వామిని మళ్ళీ గర్భాలయంలోకి ఎలా తీసుకొస్తారో మాట్లాడుకుందాం. మీ ఇంట్లో ఏది జీర్ణమైందో, దాన్ని ఎలా నిలబెట్టుకుంటున్నారో రాయండి. తప్పకుండా చదువుతాను.

శుభమస్తు.