వేకువ సరస్సు, తెరిచిన షట్టర్: ఛాయాచిత్ర సత్యంపై ఒక విచారణ

సూర్యోదయానికి ముందు సరస్సు ఒడ్డున ట్రైపాడ్‌పై కెమెరాను నిలిపి, షట్టర్‌ను నిమిషాల తరబడి తెరిచి ఉంచి తీసే చిత్రాన్ని లాంగ్ ఎక్స్‌పోజర్ ఛాయాచిత్రం అంటారు. అందులో అలలు ఉండవు. నీరు మంచుతెరలా పరుచుకొని ఉంటుంది. అక్కడ నిలిచిన ఏ కన్నూ ఆ దృశ్యాన్ని చూడలేదు. మరి అది సత్యమేనా? సత్యమైతే ఏ క్షణానికి చెందిన సత్యం? ఈ ప్రశ్నను భారతీయ ప్రమాణ చర్చ వెలుగులో పరిశీలించి, అది ఏ చోట నైతిక ప్రశ్నగా మారుతుందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కన్ను చూడనిదంతా అసత్యమనే వాదం నిలవదు. మసక వెలుతురులో కంటిలోని రంగులను గుర్తించే కణాలు దాదాపు విశ్రమిస్తాయి. అందుకే వేగుజామున నీరు బూడిదవన్నెగా తోస్తుంది. పైగా కన్ను సెకనులో స్వల్ప భాగంపాటు మాత్రమే వెలుగును కూడబెట్టుకోగలదు. కెమెరాకు ఆ పరిమితి లేదు. అది చూపే నీలిమ కల్పితం కాదు, నిజంగా వచ్చి చేరిన వెలుగే. దూరదర్శిని చూపే నక్షత్రాన్ని కాదనలేని మనం దీనినీ కాదనలేము. ఛాయాచిత్రం ఒక కూడిక. కూడికగా అది యథార్థం.

అయితే కూడిక క్షణంలా కనిపించడంలోనే చిక్కు ఉంది. మన దార్శనికులకు ఈ చిక్కు కొత్తది కాదు. కొరివిని వేగంగా తిప్పితే అగ్నివలయం కనిపించే అలాతచక్రాన్ని గౌడపాదుడు మాండూక్యకారికలోని నాలుగవ ప్రకరణంలో ప్రధాన దృష్టాంతంగా తీసుకొన్నాడు. ఆ ప్రకరణానికి అలాతశాంతి అనే పేరు అందువల్లనే వచ్చింది. ఏడవ శతాబ్దికి చెందిన ధర్మకీర్తి న్యాయబిందువులో ప్రత్యక్షం అభ్రాంతమై ఉండాలని చెబుతూ, భ్రాంతి కారణాలలో వేగంగా తిరగడాన్నీ పడవ ప్రయాణాన్నీ పేర్కొన్నాడు. నిప్పు నిజం, వలయం భ్రాంతి. వరుసగా జరిగినవి ఏకకాలంలో ఉన్నట్లు తోచడమే ఇక్కడి దోషం. లాంగ్ ఎక్స్‌పోజర్ చేసేదీ అదే.

కాని ఒక భేదం ఉంది. కన్ను తన జాప్యాన్ని తాను ఎంచుకోలేదు. అలాతచక్రం చూసినవాడు ఆ భ్రాంతికి బాధ్యుడు కాడు. షట్టర్‌ను ఎంతసేపు తెరవాలో ఛాయాగ్రాహకుడు నిర్ణయించుకొంటాడు. ఎంపిక ఉన్నచోట బాధ్యత ఉంటుంది. ప్రమాణ ప్రశ్న నైతిక ప్రశ్నగా మారేది ఇక్కడే.

ఆ ఎంపిక వల్ల మాయమయ్యేది అలలు మాత్రమే కాదు. 1838లో దగ్యూర్ తీసిన పారిస్ వీధి చిత్రం ఇందుకు తొలి సాక్ష్యం. జనసంచారం గల ఆ వీధి నిర్మానుష్యంగా కనిపిస్తుంది. బూట్లు పాలిష్ చేయించుకొంటూ కదలక నిలిచిన మనిషి రూపం మాత్రం మిగిలింది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరులో ఇదే లెక్క వేసి చూడవచ్చు. ఐదు మీటర్ల దోనె సెకనుకు అర మీటరు చొప్పున అడ్డంగా సాగితే, నీటిపై ఒక్కొక్క బిందువును 10 సెకన్లు మాత్రమే కప్పుతుంది. నాలుగు నిమిషాల చిత్రంలో అది 24వ వంతు. దోనె, అందులోని మనిషి, వల అన్నీ తెల్లని నీటిలో కరిగిపోతాయి. దోనెలో లాంతరు ఉంటే వెలుగుగీత మిగులుతుంది. దానిని పట్టుకొన్న చేయి మిగలదు. పాతిన గుంజ మిగులుతుంది. దానిని పాతినవాడు మిగలడు.

ఈ శూన్యం నిరపాయకరం కాదు. కొల్లేరు 1999లో అభయారణ్యంగా ప్రకటితమై, 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో అక్కడి చేపల చెరువులను పెద్దయెత్తున తొలగించారు. నీరు ఎవరిది, పక్షులదా, మనుషులదా, ఏ మనుషులది అనే వివాదం నడిచిన చోట, మనిషి లేని నీటి చిత్రం ఒక పక్షాన సాక్ష్యం పలుకుతుంది. తీసినవారికి ఆ ఉద్దేశం లేకపోయినా అది పలుకుతూనే ఉంటుంది.

కళ అంటేనే వదిలివేయడం కదా, చిత్రకారుడు పడవను గీయకపోతే ఎవరూ తప్పుపట్టరు కదా అనే ఆక్షేపణ రావచ్చు. చిత్రలేఖనాన్ని మనం సాక్ష్యంగా స్వీకరించము, ఛాయాచిత్రాన్ని స్వీకరిస్తాము. ఆ నమ్మకం వల్ల లభించే గౌరవాన్ని అనుభవిస్తూ, దాని భారాన్ని కాదనడం న్యాయం కాదు.

అంతమాత్రాన ఈ పద్ధతిని విడిచిపెట్టనక్కరలేదు. నిలిచేదేదో, గడిచేదేదో వేరుపరచి చూపే శక్తి దీనికి ఉంది. క్షణచిత్రానికి అది లేదు. కావలసింది కాలపరిమాణాన్ని దాచకపోవడం. చిత్రం కింద ‘4 నిమిషాలు’ అని రాయడం సాంకేతిక వివరంగా చెలామణి అవుతున్నది. నిజానికి అది సాక్షి తన సాక్ష్యానికి హద్దు చెప్పుకోవడం. ఆ సంఖ్య అర్థం కాని చూపరి కోసం, అదే చోట క్షణకాలంలో తీసిన మరొక చిత్రాన్ని పక్కన ఉంచడం ఇంకా మేలు. ఒకటి నీటి నిశ్చలతను చెబుతుంది. రెండవది ఆ నిశ్చలతలో ఎవరి శ్రమ కలిసిపోయిందో చెబుతుంది. మొదటిదానిని మాత్రమే ప్రదర్శించి దానికి ప్రశాంతత అని పేరు పెట్టేవారు, ఆ ప్రశాంతత ఎవరి అదృశ్యంతో సిద్ధించిందో చెప్పవలసిన బాధ్యతకు బద్ధులు.