మన నష్టాన్ని ఇంకొకరికి అంటగట్టవచ్చా?

ఈసారి కొంచెం విచిత్రమైన విషయంతో మొదలుపెడతాను. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ముప్ఫై ఇంకా రాలేదు, కానీ నా బీరువాలో బట్టల కన్నా బొమ్మలే ఎక్కువ. అవి కూడా నేను పుట్టకముందువి. 1977లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాకి అమెరికాలో కెన్నర్ అనే కంపెనీ చేసిన ప్లాస్టిక్ బొమ్మలు. అరచేతిలో పట్టేంత ఉంటాయి, ఎక్కువ భాగం 3.75 అంగుళాలు.

ఈ బొమ్మల లోకంలో ఒక తమాషా ఉంది. సరిగ్గా చేసినదాని కన్నా తప్పుగా చేసినదానికే గిరాకీ! స్నాగుల్‌టూత్ అనే పాత్రనే చూడండి. సియర్స్ దుకాణాల కోసం 1978లో చేసిన సెట్‌లో దాన్ని పొడుగ్గా, నీలం బట్టలతో, కాళ్ళకి బూట్లతో చేసేశారు. వాళ్ళ చేతికి అందింది నడుము పైభాగం మాత్రమే కనిపించే నలుపు తెలుపు ఫోటో అట. సినిమాలో చూస్తే అది పొట్టిది, బట్టలు ఎరుపు. తర్వాత దిద్దుకున్నారు. ఇప్పుడు దిద్దిన ఎర్రది చవక, తప్పు నీలిది ఖరీదు. రోజంతా బగ్గులు ఏరుకునే నాకు ఇది భలే నవ్వొస్తుంది.

ఇంకోటి జావా. కోడ్ రాసే జావా కాదండోయ్, ముసుగు వేసుకున్న పొట్టి జీవి, 2.25 అంగుళాలే. మొదట దానికి వినైల్ అంగీ తొడిగారు. అంత చిన్న బొమ్మకి అదే ధర, పైగా ప్లాస్టిక్ అంగీ, జనానికి చవకబారుగా కనిపిస్తుందని గుడ్డ అంగీకి మార్చేశారు. చవకగా ఉందని వదిలేసిన ఆ మొదటి రకమే ఇవాళ వేల డాలర్లు.

ఎందుకింత మోజు? నాకు తోచింది చెప్తాను. 1977 క్రిస్మస్‌కి బొమ్మలు సిద్ధం కాక, అట్ట కవరులో ఒక కూపన్ పెట్టి అమ్మారు. అసలు బొమ్మలు 1978లో పోస్టులో వచ్చాయి. అంత హడావిడిలో ఎవరో మనిషి తెలియక చేసిన పొరపాటు మన చేతిలో ఉంటుంది. పొరపాటుని కావాలని చెయ్యలేం కదా. కావాలని చేస్తే అది మోసమే అవుతుంది.

ఈ మాట నాకు దెబ్బ తగిలాకే అర్థమైంది. దాదాపు రెండు నెలల జీతం పెట్టి వినైల్ అంగీ జావా కొన్నాను. తొమ్మిది రోజులు దాన్ని చూస్తూ మురిసిపోయాను. పదో రోజు ఈ విషయాల్లో అనుభవమున్న ఒకాయనకి ఫోటోలు పంపితే, "బొమ్మ అసలుదే బాబూ, అంగీ మాత్రం ఓబీ వాన్ బొమ్మది కత్తిరించి తొడిగారు" అన్నారు. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం మానేశాడు.

సరిగ్గా అప్పుడే ఇంకో కుర్రాడు అడిగాడు, అదే ధరకి ఇస్తారా అని.

ఆ రాత్రి నా బుర్ర ఎన్ని వాదాలు చేసిందో! నేనూ మోసపోయినవాణ్ణే కదా. కొనేవాడు చూసుకోవాలి కదా. వీటికి జవాబు తేలికే. గట్టి వాదం వేరే ఉంది: అతనికి ఎప్పటికీ తెలియకపోతే అతని ఆనందం నిజమే కదా? నా తొమ్మిది రోజుల ఆనందం అబద్ధమా?

చాలాసేపు ఆలోచించాను. ఆనందం అబద్ధం కాదు. కానీ నేను మురిసింది ఎప్పుడో ఎవరో చేసిన అమాయకపు పొరపాటుని చూసి అనుకున్నాను, చేతిలో ఉన్నదేమో ఒకడి కత్తెర పని. అతను డబ్బిచ్చి కొనేది నా మౌనాన్ని. పైగా నాకు అమ్మినవాడికి కూడా ఇంకెవరో ఇలాగే అంటగట్టి ఉంటే? అతనూ ఆ రాత్రి ఇవే వాదాలు చేసుకుని ఉంటాడు.

పొద్దున్నే ఆ కుర్రాడికి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. "థాంక్స్ అన్నా" అన్నాడు, కొనలేదు. నిజం చెప్తే మనసు తేలికవుతుందంటారు, నాకైతే కాలేదండీ. ఈఎంఐ కట్టిన ప్రతిసారీ గుచ్చుకుంటూనే ఉంది.

మొన్న సంక్రాంతి బొమ్మల కొలువులో అమ్మ దాన్ని కొండపల్లి ఎడ్లబండి పక్కన పెట్టింది. పిన్ని కొడుకు "పెద్దమ్మా, ఇదెవరు?" అని అడిగాడు.

"అదా? మీ అన్నయ్య రెండు నెలల జీతం రా" అంది అమ్మ.