శోకం ఎప్పుడు రోగమవుతుంది?

మానసిక వైద్యుని ఎదుట కూర్చున్న మనిషి చెప్పే మాటలకూ, వైద్యుడు కాగితం మీద వ్రాసే పేరుకూ మధ్య ఉండే దూరం తక్కువేమీ కాదు. వచ్చినవాడు నిద్ర పట్టడం లేదంటాడు, తిండి సహించడం లేదంటాడు, ఏ పనిమీదా మనసు నిలవడం లేదంటాడు. వైద్యుడు వాటిని లెక్కించి, ఎన్నాళ్ళుగా ఉన్నాయో అడిగి, ‘విషాద రుగ్మత’ అని వ్రాస్తాడు. ఆ పేరు వల్ల రోగికి మందు దొరుకుతుంది, సెలవు దొరుకుతుంది, ఇంటివారి ఓర్పు దొరుకుతుంది. కొన్ని చోట్ల అపనిందా దొరుకుతుంది. కనుక దుఃఖానికి రోగమని పేరు పెట్టడం వైద్యశాస్త్రంలోని సాంకేతిక విషయం మాత్రమే కాదు, అది నైతిక విషయం కూడా. ఏ దుఃఖాన్ని రోగమనాలి, దేనిని జీవితంలో భాగమనాలి అన్న ప్రశ్నను పూర్తిగా వైద్యులకే విడిచిపెట్టి ఊరుకోవడం సమాజానికి తగదు.

ఈ ప్రశ్న తెలుగువారి వాడుకలోనే దాగి ఉంది. ‘బెంగ’ అనే మాటకు సాధారణంగా ఒక ఆలంబనం కావాలి. తల్లిమీద బెంగ, సొంత ఊరిమీద బెంగ. బెంగ పెట్టుకున్న పిల్లవాణ్ణి చూసి పెద్దలు మొదట అడిగే మాట ‘ఎవరిమీద?’ అనే. ‘దిగులు’ అటువంటిది కాదు. కారణమున్న దిగులూ ఉంది, ‘ఎందుకో దిగులుగా ఉంది’ అని మనమనుకునే దిగులూ ఉంది. భాష ఈ రెంటినీ వేరుగా ఉంచినా, దిగులు ముదిరి మనిషి మంచం పట్టిన తరువాత అది దేనివల్ల మొదలైందో తేల్చడం సులువు కాదు. ఆధునిక వర్గీకరణ చరిత్ర అంతా ఈ చిక్కు చుట్టూనే తిరిగింది.

మనోభావాలను వర్గీకరించడం మన శాస్త్రకారులకు తెలియని పని కాదు. భరతుని నాట్యశాస్త్రం 33 వ్యభిచారి భావాలను పేర్కొని, అందులో నిర్వేదం, గ్లాని, దైన్యం, చింత, విషాదం అనే వాటిని వేరువేరుగా నిలిపింది. ప్రతి భావానికీ అది పుట్టే కారణమైన విభావాన్నీ, వ్యక్తమయ్యే తీరైన అనుభావాన్నీ చెప్పింది. దైన్యానికి దుర్గతి, చింతకు ఐశ్వర్యభ్రంశమూ దారిద్ర్యమూ, విషాదానికి తలపెట్టిన కార్యం నెరవేరకపోవడమూ దైవికమైన ఆపదా విభావాలు. ఆ పట్టికలో కారణాన్ని విడదీసి భావాన్ని మాత్రమే చూడడమనేది లేదు. చరకసంహిత దారి మరొకటి. అది విషాదాన్ని ఎనభై వాతవికారాలలో ఒకటిగా లెక్కించి దేహదోషంతో ముడిపెట్టింది. రోగాన్ని పెంచేవాటిలో విషాదమే ప్రధానమైనదని వేరొక చోట హెచ్చరించింది. ఒకే విషాదాన్ని నాట్యాచార్యుడు కారణం వైపు నుంచీ, వైద్యుడు దేహం వైపు నుంచీ చూశారన్నమాట.

ఐరోపాలో ఆధునిక మనోవైద్య వర్గీకరణకు పునాది వేసినవారిలో ముఖ్యుడు జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్. 1899లో వెలువడిన తన పాఠ్యగ్రంథం ఆరవ కూర్పులో ఆయన, ఉద్రేకమూ విషాదమూ మారిమారి వచ్చి మధ్యలో మనిషి కోలుకునే వ్యాధిని ఒకవైపూ, క్రమంగా బుద్ధిని క్షీణింపజేసే వ్యాధిని మరొకవైపూ ఉంచాడు. వ్యాధి నడకనూ, ముగింపునూ ఆయన ప్రమాణంగా తీసుకున్నాడు. 1957లో కార్ల్ లియోన్‌హార్డ్ విషాదం మాత్రమే వచ్చేవారిని, ఉద్రేకం, విషాదం రెండూ వచ్చేవారినుంచి వేరు చేశాడు. నేడు ‘బైపోలార్’ అని వ్యవహరించే ద్విధ్రువ రుగ్మతకు ఆ విభజనే మూలం.

అయినప్పటికీ ఇరవయ్యవ శతాబ్దం మధ్యనాటికి పేర్ల విషయంలో అరాచకమే మిగిలింది. న్యూయార్క్, లండన్ నగరాల ఆసుపత్రులలో చేరిన రోగులను ఒకే పద్ధతిలో పరీక్షించిన పరిశోధన ఫలితాలు 1972లో వెలువడ్డాయి. న్యూయార్క్ వైద్యులు స్కిజోఫ్రెనియా అని నిర్ణయించిన వారిలో చాలామందికి లండన్ పద్ధతి ప్రకారం ఉన్నది ఉద్రేక విషాద వ్యాధి అని ఆ పరిశోధనలో తేలింది. రోగి అతడే, సముద్రం దాటితే రోగం పేరు మారిపోతున్నది. వైద్యం, వ్యాధి ఫలితం గురించిన అంచనా, చివరికి కుటుంబం పెట్టుకునే ఆశ కూడా ఆ పేరును అనుసరించే ఉంటాయి గనుక ఇది ఉపేక్షించదగిన లోపం కాదు.

ఈ లోపాన్ని సవరించడానికే అమెరికన్ మనోవైద్య సంఘం 1980లో తన వర్గీకరణ గ్రంథం డి.ఎస్.ఎం. మూడవ కూర్పును వెలువరించింది. దానికి నాయకత్వం వహించినవాడు రాబర్ట్ స్పిట్జర్. కారణాల గురించి ఒక్కొక్క సంప్రదాయానిది ఒక్కొక్క సిద్ధాంతం. కనిపించే లక్షణాల మీద మాత్రం అందరూ ఏకీభవించవచ్చు. అందుచేత చాలా రుగ్మతల విషయంలో కారణాన్ని పక్కన పెట్టి, లక్షణాలనూ వాటి కాలవ్యవధినీ ప్రమాణం చేశారు. అమెరికాలో నేడు అమలులో ఉన్న నియమం ప్రకారం తొమ్మిది లక్షణాలలో కనీసం ఐదు, రెండు వారాలపాటు, దాదాపు ప్రతిదినమూ ఉండాలి. ఆ ఐదింటిలో విషణ్ణమైన మనస్థితి గాని, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గాని ఒకటై ఉండాలి. వాటివల్ల మనిషికి తీవ్రమైన బాధో, నిత్యజీవితానికి ఆటంకమో కలగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుంచి అమలులోకి తెచ్చిన ఐ.సి.డి. పదకొండవ కూర్పు, నిరాశను కూడా చేర్చి పది లక్షణాలలో ఐదు అంటుంది.

ఈ పద్ధతి వల్ల కలిగిన మేలును తక్కువ చేయకూడదు. విషాదంతో వచ్చిన రోగికి గతంలో ఎప్పుడైనా ఉద్రేకదశ వచ్చిందా, నిద్ర అవసరం లేనట్లుగా రోజుల తరబడి తిరిగాడా, శక్తికి మించిన ఖర్చులు చేశాడా అని వైద్యుడు తప్పనిసరిగా అడగడం ఈ క్రమశిక్షణలో భాగం. ద్విధ్రువ రుగ్మత ఉన్నవానికి కుంగుబాటు తగ్గించే మందును ఒక్కదానినే ఇస్తే, కొందరిలో అది ఉద్రేకాన్ని రేపుతుంది. పైకి ఒకేలా కనిపించే రెండు విషాదాలకు రెండు రకాల చికిత్స అవసరమని చెప్పగలగడం వర్గీకరణ సాధించిన విజయమే.

అయితే లెక్కకు ఒక హద్దు ఉంది. తొమ్మిదింటిలో ఐదు అనే నియమాన్ని 227 రకాలుగా తృప్తిపరచవచ్చునని గణితం చెబుతుంది. ఒకే పేరు పొందిన ఇద్దరు రోగుల మధ్య ఉమ్మడిగా ఒకే ఒక లక్షణం ఉండడం కూడా సాధ్యమే. డి.ఎస్.ఎం. ఐదవ కూర్పుకు ముందు జరిపిన పరీక్షలలో, ఒకే రోగిని విడివిడిగా చూసిన ఇద్దరు వైద్యులకు ఈ రుగ్మత విషయంలో కుదిరిన అంగీకారం 0.28 మాత్రమే. సంపూర్ణమైన అంగీకారాన్ని 1గా లెక్కించే కొలమానం అది. కారణాన్ని విడిచిపెట్టి సంపాదించదలచిన ఏకాభిప్రాయం కూడా పూర్తిగా చేజిక్కలేదన్నమాట.

ఇంతకంటె గాఢమైన చిక్కు మృత్యువు దగ్గర ఎదురైంది. కారణాన్ని అడగబోమన్న 1980 గ్రంథం ఒక్క కారణాన్ని మాత్రం మినహాయించింది. ఆత్మీయుల మరణం వల్ల కలిగిన సహజశోకం రుగ్మత కాదన్నది. 1994 నాటి నాల్గవ కూర్పు ఆ మినహాయింపును ప్రాయికంగా రెండు నెలలకు పరిమితం చేసింది. 2013 నాటి ఐదవ కూర్పు దానిని తొలగించి, శోకానికీ రుగ్మతకూ గల భేదాన్ని వైద్యుని వివేకానికి వదిలింది. 2022లో వచ్చిన సవరణ ప్రతిలో ‘దీర్ఘశోక రుగ్మత’ అనే కొత్త పేరు చేరింది. పెద్దల విషయంలో మరణం జరిగి కనీసం పన్నెండు నెలలు గడవాలన్నది అందులోని నియమం. ఐ.సి.డి. అందుకు ఆరు నెలలు చాలునంటూనే, ఆ వ్యక్తి సమాజంలో, సంస్కృతిలో, మతంలో సహజమనుకునే మేరను శోకం స్పష్టంగా మించాలని షరతు పెట్టింది. మనకు పదవ రోజు, మాసికాలు, సంవత్సరీకం ఉన్నాయి. ముస్లిం వితంతువుకు నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ఉంది. శోకానికి గడువు పెట్టడం వైద్యులు కొత్తగా కనిపెట్టిన పని కాదు. కాని ఆచారం పెట్టిన గడువు, చుట్టూ నలుగురు కూడి మనిషిని తిరిగి లోకంలోకి పిలిచే రోజు. గ్రంథం పెట్టిన గడువు, అప్పటికీ రాలేకపోయిన మనిషిని గుర్తించే రోజు. రెండూ ఒకటి కావు.

మినహాయింపును తొలగించడం సరికాదన్న వాదం బలమైనదే. అలన్ హోర్విట్జ్, జెరోమ్ వేక్‌ఫీల్డ్ 2007లో ‘ది లాస్ ఆఫ్ శాడ్‌నెస్’ అనే గ్రంథంలో, నష్టానికి తగిన దుఃఖాన్ని రుగ్మతగా పరిగణించడం మనిషి స్వభావాన్నే రోగంగా చిత్రించడమవుతుందన్నారు. మరణమే కాదు, ఉద్యోగం పోవడం, సంసారం చెడిపోవడం కూడా మినహాయింపుకు అర్హమైనవేనని వారి వాదం. ఎదుటి పక్షం అదే తర్కాన్ని తిప్పి చూపింది. ఉద్యోగం పోయి కుంగిపోయినవానికి చికిత్స ఇస్తూ, భర్త పోయి అంతగానూ కుంగిపోయిన స్త్రీకి ‘నీ దుఃఖం సహజం’ అని చెప్పి పంపడం న్యాయమా? కారణం మనకు అర్థమైనంత మాత్రాన ఆమె బాధ తగ్గదు. ప్రాణం తీసుకోవాలన్న తలంపు కలిగితే ఆ తలంపు వల్ల అపాయమూ తగ్గదు. ఈ విషయంలో రెండవ పక్షమే న్యాయమైనదని నాకు తోస్తుంది. చికిత్సకు అర్హత నిర్ణయించేటప్పుడు దుఃఖానికి తగిన కారణం ఉన్నదా అని అడగడం, రోగిని సాక్షిగా బోనులో నిలబెట్టడమే.

కాని వైద్యశాల ద్వారం వద్ద కారణం అడగకూడదంటే, ఎక్కడా అడగకూడదని అర్థం కాదు. అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు, వైద్యుడు ఆర్థర్ క్లైన్‌మన్ 1980లో చైనాలోని హునాన్‌లో నాడీదౌర్బల్యమని పేరు పొందిన 100 మంది రోగులను పరీక్షించాడు. వారిలో 87 మందికి అమెరికన్ ప్రమాణాల ప్రకారం విషాద రుగ్మత ఉందని తేలింది. మందులు ఇస్తే చాలామందికి లక్షణాలు తగ్గాయి. అయినా సాంస్కృతిక విప్లవ కాలంలో అనుభవించిన కష్టాలు, ఇష్టం లేని ఉద్యోగాలు, కుటుంబాల వియోగం అలాగే ఉన్నవారు తాము కోలుకున్నామని అనుకోలేకపోయారు. పేరు సరిదిద్దినా జీవితం సరికాలేదు.

ఈ పాఠం మనకు దూరమైనది కాదు. 1997-98లో వరంగల్ జిల్లాలో పంట నష్టపోయి, అప్పులపాలై పత్తిరైతులు ఆత్మహత్యలు చేసుకున్నప్పుడు, వారిని కుంగిన మనస్కులుగా మాత్రమే వివరించి ఉంటే విత్తనాలు, పురుగుమందులు, వడ్డీ, నీరు ఇవన్నీ విచారణ నుంచి తప్పించుకొనేవి. అప్పును మాత్రమే వివరించి ఉంటే, అదే అప్పుతో నిద్ర లేక, మాట లేక ఇంటిలో కూర్చున్న పొరుగువానిని వైద్యుని వద్దకు తీసుకుపోవాలన్న ఊహ ఎవరికీ కలిగేది కాదు. నాట్యశాస్త్రం చింతకు చెప్పిన విభావమూ, చరకుడు చూసిన దేహమూ రెండూ ఆ ఒక్క మనిషిలోనే ఉన్నాయి.

మన చట్టం ఈ దిశలో కొంత దూరం నడిచింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మానసిక వ్యాధిని ఐ.సి.డి. వంటి ఆమోదిత వైద్య ప్రమాణాల ప్రకారమే నిర్ణయించాలనీ, రాజకీయ, ఆర్థిక, సామాజిక స్థితిని గాని, కుల మత వర్గాలను గాని ఆధారం చేసుకోకూడదనీ శాసించింది. ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నాడని భావించి, అతనికి సంరక్షణ కల్పించే బాధ్యతను ప్రభుత్వం మీద ఉంచింది. ఆ యత్నాన్ని నేరంగా పరిగణించిన శిక్షాస్మృతి 309వ నిబంధన, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో లేదు. చట్టం మాట మార్చినంత త్వరగా వైద్యం చేరలేదు. పన్నెండు రాష్ట్రాలలో 2015-16లో నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ సర్వే ప్రకారం, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇరవై మందిలో ఒకరు విషాద రుగ్మతకు లోనవుతున్నారు. వారిలో సుమారు 85 శాతానికి చికిత్స అందడం లేదు.

కాబట్టి రెండు ప్రశ్నలనూ రెండు చోట్ల నిలుపుకోవాలి. ‘నీకు ఏమైంది, ఎన్నాళ్ళుగా?’ అన్నది వైద్యుని ప్రశ్న. దానికి జవాబు చెప్పిన మనిషికి, అతని దుఃఖం న్యాయమైనదా కాదా అన్న విచారణ లేకుండా చికిత్స అందాలి. ‘ఎందువల్ల?’ అన్నది పొరుగువారి ప్రశ్న, పంచాయతీ ప్రశ్న, దస్త్రం చూసే అధికారి ప్రశ్న. రోగమని పేరు పడింది కదా అని ఆ దస్త్రాన్ని మూసివేయడం తగదు. ఒక పల్లెలో అదే రుగ్మత పేరుతో పదిమంది వైద్యుని వద్దకు వస్తే, పది మందుల చీటీలతో పాటు ఆ పల్లె అప్పుల లెక్కను కూడా తెప్పించి చూడవలసిన బాధ్యత ఎవరో ఒకరి మీద ఉంటుంది. ఆ బాధ్యతను వర్గీకరణ గ్రంథం ఎవరికీ అప్పగించదు, మనమే స్వీకరించాలి.