మాకెందుకు రాలేదు?

2021 అక్టోబర్ 30న హుజూరాబాద్ ఉప ఎన్నిక జరిగింది. పోలింగ్‌కు ముందు రోజుల్లో కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు రోడ్డెక్కారు. పక్కవాళ్లకి ఆరు వేల రూపాయల కవర్లు అందాయట, మాకెందుకు రాలేదు అని వాళ్ల ప్రశ్న. డబ్బు పంచుతున్నారని పార్టీలు ఒకదాని మీద ఒకటి ఆరోపణలు చేసుకున్నాయి. పంచామని మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. కవర్ రానివాళ్లే కెమెరాల ముందు దాపరికం లేకుండా మాట్లాడారు.

ఆ వీడియోలు చూసి నగరంలో చాలామంది నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్న నాకు తెలిసినదే. రేషన్ షాపు దగ్గర, పింఛన్ల జాబితా దగ్గర వినిపించేదే. అందరికీ ఇచ్చి మమ్మల్ని ఎందుకు వదిలేశారు అని. అడగడం తప్పు కాదు. కానీ ఇక్కడ అడుగుతున్నది హక్కు గురించి కాదు, లంచం గురించి. ఈ రెండిటి మధ్య గీత ఎప్పుడు చెరిగిపోయింది?

ప్రభుత్వాలు చేసేదీ అదే కదా అంటారు కొందరు. కుటుంబానికి 10 లక్షలిచ్చే దళిత బంధుకి పైలట్‌గా ఎంచుకున్నదీ ఈ హుజూరాబాద్‌నే, ఉప ఎన్నికకు ముందే. మేనిఫెస్టోలో చేసే వాగ్దానాలు లంచం కిందికి రావని 2013లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పథకం వెనక ఓట్ల లెక్క లేదని నేననను. కానీ పథకానికి జీవో ఉంటుంది, జాబితా ఉంటుంది. రాకపోతే కలెక్టరాఫీసుకి వెళ్లొచ్చు, కోర్టుకీ వెళ్లొచ్చు. కవర్ రాకపోతే వెళ్లడానికి రోడ్డు తప్ప ఇంకేం లేదు.

ఆ వైపే ఉండే మా చిన్నమ్మ వాదన వేరు. "పైసలు ఆళ్లయి గాదు బిడ్డా, మన దగ్గర గుంజుకున్నయే. తీస్కుంట. ఓటు మాత్రం నా మనసుకు నచ్చినోళ్లకే ఏస్త" అంటుంది. ఇది కొట్టిపారెయ్యదగ్గ మాట కాదు. తీసుకున్నందుకు వెయ్యాలా అంటే, అక్కర్లేదనే నేనూ అంటాను. ఓటు ఇల్లో పొలమో కాదు, అమ్మడానికి. అది ఊరందరి మీదా పడే తీర్పులో మన వంతు. అమ్మకూడనిదాన్ని అమ్ముతానని ఇచ్చిన మాటకి విలువ లేదు, దేవుడి పటం ముట్టుకుని ఒట్టేసినా సరే.

మరి తీసుకోవచ్చా? 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ఇవ్వడాన్నే కాదు, తీసుకోవడాన్నీ తప్పంటుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా నాకో లెక్క అడ్డొస్తుంది. అప్పట్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 30.8 లక్షలు. ఆరు వేల చొప్పున పంచితే అది 513 మందికి సరిపోతుంది. ఆ నియోజకవర్గంలో ఓటర్లు రెండు లక్షలకు పైనే. అంటే కవర్ ఆచారమైన చోట, నిజాయితీగా లెక్క చూపించేవాడు బరిలో నిలబడలేడు. చిన్నమ్మ మనసుకి నచ్చేవాడు నామినేషన్ దాకా రాడు. ఆమె స్వేచ్ఛగా ఎంచుకుంటున్నానంటుంది, నిజమే. కానీ ఎవరెవరి మధ్య ఎంచుకోవాలో కవర్ ముందే తేల్చేసింది.

పైగా రహస్య ఓటింగ్‌లో ఎవరు ఎవరికి వేశారో పంచినవాడికి తెలీదు. అయినా పంచుతాడు. ఎందుకంటే ఓటు దక్కకపోయినా అతనికొక జవాబు దక్కుతుంది. రేపు రోడ్డేదని అడిగితే "పైసలు తీస్కున్నరు గదా" అనొచ్చు. తీసుకోని ఇంటివాళ్లకీ అదే జవాబు.

తప్పు ఇద్దరిదీ సమానం కాదు. ఆరు వేలంటే చిన్నమ్మకి రెండు నెలల మందులు. ఇచ్చేవాడికి అది పెట్టుబడి. ఆమెని చూసి నవ్వే హక్కు మనకి మరీ తక్కువ. 2020 జీహెచ్ఎంసీ ఎన్నికల్లో హైదరాబాద్‌లో సగం మంది కూడా ఓటెయ్యలేదు. ఆమె ఓటుకి కనీసం ఎవరో వెలకట్టారు. మనం ఊరికే వదిలేశాం.

అయినా చిన్నమ్మతో ఈసారి వాదిస్తాను. ఆమె పాపం చేసిందని కాదు. ఆస్పత్రిలో డాక్టర్ లేనప్పుడు, బడిలో టీచర్ లేనప్పుడు "మాకెందుకు రాలేదు" అని అడగాల్సిన గొంతు ఆమెది. ఆ గొంతుకి ఆరు వేలు చాలా తక్కువ అని చెప్తాను. వింటుందో, "మందులు నువ్వు కొనిస్తవా బిడ్డా" అంటుందో చూడాలి. అంటే, దానికీ నేను జవాబు చెప్పాల్సే ఉంటుంది.