భిక్షువు పాదరక్ష: అవసరం, అలంకారం, వైరాగ్యం

లోకమంతా ధరించే దుస్తులను విడిచి, తన విశ్వాసానికో జీవన విధానానికో తగిన వేరొక వేషాన్ని ఎంచుకున్న మనిషికి, ఆ వేషంతో పొసగే పాదరక్షలు ఎలా ఉండాలన్న ప్రశ్న పైకి అల్పంగానే కనిపిస్తుంది. అయితే గట్టిగా ఉండి మన్నడం, చూడటానికి ఇంపుగా ఉండడం, వేషానికి నప్పడం అనే మూడు గుణాలూ ఒకే జతలో కుదరాలని కోరినప్పుడు, ఆ కోరికలో శరీరావసరమెంతో, తృష్ణ ఎంతో తేల్చుకోవలసి వస్తుంది. అక్కడితో అది అంగడి వ్యవహారంగా మిగలక ధర్మవిచారణ అవుతుంది. ప్రాచీన భారతదేశంలో ఈ విచారణను, చెప్పు అడుగున ఎన్ని పొరలుండాలో నిర్ణయించేటంత నిశితంగా సాగించిన గ్రంథం బౌద్ధుల వినయపిటకం. భిక్షుసంఘం పాటించవలసిన నియమాలను, అవి పుట్టిన సందర్భాలతో సహా చెప్పే సంకలనం అది. అందులో మహావగ్గమనే భాగంలోని ఐదవ అధ్యాయమైన చమ్మక్ఖంధకంలో, అంటే చర్మాన్ని గురించిన ప్రకరణంలో, అధికభాగం పాదరక్షల చర్చే.

ఆ చర్చ అర్థం కావాలంటే ముందు భిక్షువు వేషాన్ని తెలుసుకోవాలి. పాంసుకూలం, అంటే చెత్తకుప్పల్లోనూ శ్మశానాల్లోనూ పారవేసిన గుడ్డలను ఏరి కుట్టుకున్న వస్త్రం, ఆనాటి గృహస్థుల దృష్టిలో మర్యాదకు వెలుపలిది. అయినా ఆ వేషం అందాన్ని బహిష్కరించలేదు. గట్లతో మడులుగా విడిపోయి వరుస తీరిన మగధ పొలాలను చూపి, అదే పద్ధతిలో ముక్కలను అతికి చీవరం, అంటే భిక్షువు వస్త్రం, కుట్టగలవా అని బుద్ధుడు తన శిష్యుడు ఆనందుణ్ణి అడిగాడని, ఆనందుడు కుట్టి చూపగా అతని తెలివిని మెచ్చుకున్నాడని మహావగ్గమే చెబుతుంది. ముక్కలుగా కోసిన గుడ్డకు సంతలో విలువ ఉండదు గనుక దొంగలు దానిని ఆశించరు. పొలం గట్ల తీరు దానికి క్రమాన్నీ శోభనూ ఇస్తుంది. ఎవరికీ అసూయ పుట్టించని అందం సాధ్యమేనని ఆ చీవరం నిరూపించింది. పాదరక్షల విషయంలో సంఘం వెదికినది కూడా అటువంటి పొందికనే.

పాదరక్షలకు అనుమతి పుట్టిన సందర్భం చంపానగర శ్రేష్ఠి కుమారుడైన సోణ కోళివీసుని కథలో ఉంది. అరికాళ్లలో రోమాలు మొలిచేటంత సుకుమారంగా పెరిగిన ఆ యువకుణ్ణి, ఆ వింత చూడాలని మగధరాజు బింబిసారుడు పిలిపించుకున్నాడు. తరువాత భిక్షువైన సోణుడు రాజగృహ సమీపాన శీతవనంలో చంక్రమణం, అంటే ఒకే బాటపై ఇటూ అటూ నడుస్తూ చేసే సాధన, మితిమీరి చేయడంతో పాదాలు పగిలి బాట నెత్తురుతో తడిసింది. సాధన విడిచి ఇంటికి మరలిపోదామనుకున్న అతనికి, అతడు పూర్వం వాయించిన వీణనే ఉదాహరణగా చూపి, తంతులు మరీ బిగిసినా మరీ వదులైనా స్వరం పలకదని బుద్ధుడు బోధించాడు. సాధన ఫలించిన పిమ్మట, అడుగున ఒకే పొర తోలు ఉన్న చెప్పులు తొడుక్కోవడానికి అతనికి అనుమతి ఇచ్చాడు. అయితే సోణుడు దానిని వెంటనే స్వీకరించలేదు. ఎనభై బండ్ల బంగారాన్ని వదులుకున్నవాడు ఒక జత చెప్పులకు లోబడ్డాడని లోకం అంటుందని, సంఘానికంతటికీ అనుమతి లభిస్తే తానూ ధరిస్తానని, లేకుంటే ధరించనని విన్నవించుకున్నాడు. అప్పుడు ఆ అనుమతి భిక్షువులందరిదీ అయింది.

సోణుని అభ్యంతరంలో లోతైన నీతి ఉంది. గాయపడిన పాదానికి తోలు అడ్డుపెట్టుకోవడం తప్పని అతడు అనలేదు. తనకొక్కడికే దక్కేది ఎంత చిన్నదైనా ప్రత్యేకాధికారం అవుతుందని, ప్రత్యేకాధికారం వైరాగ్యాన్ని లోపలి నుంచి తొలిచివేస్తుందని గ్రహించాడు. ఈ గ్రహింపు ఎంత అవసరమో తెలుగు గ్రామాల చరిత్ర చూపుతుంది. తోలు నాని, పదునై, చెప్పుగా మారేవరకు తమ చేతుల మీదుగా నడిపిన మాదిగలు, అగ్రవర్ణాల వీధిలోకి వచ్చేసరికి ఆ చెప్పులనే విడిచి చేత పట్టుకొని నడవవలసి వచ్చిన ఆచారం అనేక గ్రామాల్లో ఉండేది. అటువంటి చోట చెప్పు తొడుక్కొని వీధి మధ్యగా నడవడం ఆడంబరం కాదు, మనిషిగా నిలబడటం. కాబట్టి పాదరక్షను తృష్ణకు గుర్తుగా తీర్పు చెప్పేముందు, అది ఎవరికి సహజంగా లభిస్తున్నదో, ఎవరికి నిషిద్ధమైనదో అడగకపోతే ఆ తీర్పు అన్యాయమవుతుంది.

అనుమతి వచ్చిన తరువాత అలంకారం వచ్చింది. షడ్వర్గీయులు, అంటే వినయపిటకంలో తరచుగా నియమాలు మీరేవారిగా కనిపించే ఆరుగురి బృందం, నీలం, పసుపు, ఎరుపు, మంజిష్ఠ, నలుపు రంగుల్లో ముంచిన చెప్పులు తొడిగారు. మడమను కప్పేవి, దూది కూరినవి, తిత్తిరిపిట్ట రెక్కల వన్నె కలవి, పొట్టేలు కొమ్ముల ఆకారం కూర్చినవి, తేలు కొండివలె వంపు తిరిగినవి, నెమలి పింఛంతో కుట్టినవి, సింహం పులి చిరుతల తోళ్లు అంచులుగా వేసినవి ఒక్కొక్కటిగా ఆ ప్రకరణంలో వరుస కడతాయి. వాటిలో పుటబద్ధమనే రకాన్ని, 5వ శతాబ్దపు వ్యాఖ్యాత బుద్ధఘోషుడు, పిక్కల దాకా పాదమంతటినీ కప్పే యవనుల, అంటే గ్రీకుల, పాదరక్షగా వివరించాడు. ఈనాటి మాటలో అది బూటు. ఇటువంటివి తొడిగిన భిక్షువులు భోగాలు అనుభవించే గృహస్థుల్లా ఉన్నారని జనం నొచ్చుకోవడంతో అవన్నీ నిషేధానికి గురయ్యాయి. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. రంగు వేసిన చెప్పు దొరికితే ఆ రంగును గుడ్డతో తుడిచి చెరిపి తొడుక్కోవచ్చునని వ్యాఖ్యానం చెబుతుంది. వస్తువును పారవేయనక్కర లేదు, దాని ప్రదర్శనను విడిస్తే చాలునన్నది ఆ సూచనలోని వివేకం.

నిషేధాలకు కారణం చూసేవారి అభిప్రాయం ఒక్కటే కాదు. తెల్లవారుజామున కర్రపావలు తొడిగి పెద్ద చప్పుడుతో తిరిగినవారు, పురుగులను తొక్కి చంపడమే గాక తోటివారి ధ్యానాన్ని చెడగొట్టారు. తాటాకు పావల కోసం లేత తాటిచెట్లను నరికించినప్పుడు చెట్లు వాడిపోయాయి. గడ్డితోనూ ఉన్నితోనూ చిత్రవిచిత్రమైన పావలు అల్లుకోవడంలో మునిగినవారు అధ్యయనాన్నీ సాధననూ మరిచారు. ప్రాణిహింస, పరుల ఏకాగ్రతకు భంగం, తన కాలం వృథా కావడం అనే ఈ మూడు దోషాలూ పావ వల్ల పుట్టలేదు, దానిని సంపాదించిన తీరు వల్లా వాడిన తీరు వల్లా పుట్టాయి.

ఇంతగా కట్టడి చేసిన ప్రకరణమే దృఢత్వం విషయంలో చూపిన ఉదారత ఆశ్చర్యం గొలుపుతుంది. అవంతి దేశంలో ఉన్న మహాకచ్చానుడు, అంటే సంస్కృత గ్రంథాల్లోని మహాకాత్యాయనుడు, తన శిష్యుడు సోణ కుటికణ్ణుని ద్వారా బుద్ధునికి ఐదు విన్నపాలు పంపాడు. అక్కడి నేల నల్లనిది, గరుకైనది, పశువుల గిట్టలతో తొక్కుడుపడినది గనుక పలు పొరల చెప్పులు కావాలన్నది వాటిలో ఒకటి. నల్లరేగడిలో నడిచిన తెలుగు రైతుకు ఈ వాక్యానికి వ్యాఖ్యానం అక్కరలేదు: వానలో గిట్టలు దిగబడిన చోట బురద అంచులు పైకి లేచి, ఎండకు అలాగే బిగిసిపోయి, అరికాలిని ముళ్లలా పొడుస్తాయి. మధ్యదేశంలో, అంటే గంగా మైదాన ప్రాంతంలో, నిషిద్ధమైన పలు పొరల చెప్పు, ఆ విన్నపంతో సరిహద్దు దేశాలన్నిటిలోనూ ధర్మసమ్మతమైంది. నేలను అడిగి నియమాన్ని సవరించుకున్న ఈ పద్ధతి, నియమం మనిషి కోసమేనని ఆచరణలో చాటింది.

మధ్యదేశంలో కూడా ఒక వెసులుబాటు ఉంది. బుద్ధుని వెనుక కుంటుతూ నడుస్తున్న భిక్షువును చూసిన ఒక ఉపాసకుడు, అంటే గృహస్థ భక్తుడు, తన కాళ్లనున్న పలు పొరల చెప్పులు విప్పి అతనికి ఇచ్చాడు. ఆ సందర్భంలో, ఇతరులు వాడి విడిచిన పలు పొరల చెప్పులు ధరించవచ్చునని, కొత్తవి మాత్రం కూడదని నిర్ణయం జరిగింది. పాతవాటికీ కొత్తవాటికీ పాదాన్ని కాపాడే గుణంలో భేదం లేదు. భేదమంతా ఎంపికలో ఉంది. విడిచిన చెప్పులో కోరి ఏరుకున్న తృప్తి, కొత్తదనపు గర్వం ఉండవు, మన్నిక మిగులుతుంది. పలు పొరల చెప్పులు తొడుక్కున్నందుకు ఆ ఉపాసకుణ్ణి ఎవరూ తప్పుపట్టలేదన్నది కూడా మరువరాదు. భిక్షువు నియమం భిక్షువుదే, దానిని గృహస్థునిపై రుద్దే ఉద్దేశం ఆ ప్రకరణానికి లేదు.

వేషానికి నప్పే గట్టి పాదరక్ష ఏదన్న సమస్య ఆధునిక కాలంలో మరో రూపంలో ఎదురైంది. 1960 ఏప్రిల్ 1న ఇంగ్లండులో తయారీ మొదలైన డాక్టర్ మార్టెన్స్ బూటును మొదట తపాలా బంట్రోతులు, కర్మాగార కార్మికులు తొడిగారు. 1970ల నాటి పంక్ యువత, మర్యాదస్తుల వేషాన్ని ధిక్కరిస్తూ చింపి పిన్నులు గుచ్చుకున్న తమ దుస్తులకు తోడుగా ఆ బూటునే ఎంచుకుంది. రోజంతా నిలబడి పనిచేసేవారి బూటు గనుక ఆ వేషానికి అది అర్థవంతంగా నప్పింది. తరువాత అది ప్రపంచమంతటా ఫ్యాషన్ వస్తువైంది. ఏ కాలంలోనైనా దృఢమైన వస్తువు నుంచి ప్రదర్శనకు వెళ్లే దారి చాలా దగ్గర, అందుకే ఒకసారి చేసిన విచారణ చాలదు.

వేషం ఎంత భిన్నమైనదైతే ఈ విచారణ అంత అవసరం, ఎందుకంటే లోకరీతిని విడిచినవాడు తాను విడిచినదాన్నే కొత్త రూపంలో తిరిగి తెచ్చుకునే ప్రమాదం ఎక్కువ. చమ్మక్ఖంధకం ఇచ్చే సమాధానం కఠినమైనదీ కాదు, సడలినదీ కాదు. పాదం పగిలితే చెప్పు, నేల గరుకైతే మరిన్ని పొరలు నిస్సంకోచంగా తీసుకోవచ్చు. అందం కావాలంటే పొలం గట్లను చూసి కుట్టిన చీవరంలో ఉన్నటువంటిది, ఎవరినీ చిన్నబుచ్చనిది, వెదకవచ్చు. తనకు దక్కినది తోటివారికీ దక్కాలని సోణునివలె పట్టుబట్టేవాడికి గట్టి బూటు తొడుక్కోవడంలో ఏ దోషమూ లేదు. ఆ పట్టుదల లేనివాడు వట్టికాళ్లతో నడిచినా, ఆ వట్టికాళ్లే అతనికి అలంకారమవుతాయి.