నచ్చనివాడి విషయంలోనూ న్యాయమే

2020లో కరోనా వ్యాధి విజృంభించినప్పుడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో మార్చిలో బార్లు మూయించారు, హోటళ్లలో కూర్చుని తినడం ఆపించారు. మేలో మళ్లీ తెరవనిచ్చారు. కేసులు పెరగడంతో జూన్ 26న గవర్నర్ గ్రెగ్ అబాట్ మరో ఆజ్ఞ జారీ చేశారు. రాబడిలో 51 శాతానికి మించి మద్యం మీదే వచ్చే చోట్లు మూసెయ్యాలి. హోటళ్లు మాత్రం సగం మందితో నడుపుకోవచ్చు.

“బార్లు మూతపడితే మంచిదేగా!” అని మనలో కొందరు సంతోషించవచ్చు. మద్యం హరామ్; ఇందులో రెండో మాట లేదు. కాని ఆ ఆజ్ఞ మద్యం పాపమని ఇచ్చింది కాదు. బార్లు మద్యాన్ని పార్సిల్ ఇవ్వడానికి అప్పుడూ అనుమతి ఉంది. మూసిన గదిలో మాస్కు తీసి, దగ్గరగా కూర్చుని, బిగ్గరగా మాట్లాడుకుంటే రోగం పాకుతుందన్నదే భయం.

మరి ప్రాణాలు కాపాడటానికి ఒకరి జీవనోపాధిని ఆపవచ్చా? ఆపవచ్చు. ప్లేగు ఉన్న ఊరికి వెళ్లవద్దనీ, అక్కడున్నవారు పారిపోవద్దనీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఆదేశించారు. అలా ఆగిపోతే వర్తకుడికి నష్టమే. అయినా ప్రాణరక్షణ షరీఅత్ ప్రధాన ఆశయాలలో ఒకటి.

అయితే ఇక్కడ మనం గమనించవలసినవి రెండున్నాయి. మొదటిది, కారణం ప్రమాదమైతే గీత కూడా ప్రమాదాన్ని బట్టే గీయాలి. 51 శాతం లెక్క అమ్మకాలను కొలుస్తుంది గాని గాలిని, గుంపును కొలవదు. ఆగస్టులో నియమం సడలించాక, ఆహారం కూడా అమ్మే ఏర్పాటు చేసుకుని కొన్ని బార్లు హోటళ్ల లెక్కలో తెరుచుకున్నాయి. అవే గోడలు, అవే కుర్చీలు!

రెండవది, లాభం పొందేవారే భారమూ మోయాలన్నది ఫిఖహ్ పండితుల సూత్రం. తలుపులు మూస్తే రక్షణ అందరికీ, నష్టం కొందరికేనా? 2021లో అమెరికా కేంద్ర ప్రభుత్వం హోటళ్లకు, బార్లకు 2,860 కోట్ల డాలర్ల సహాయ నిధి ఏర్పరిచింది. ఎందరో దరఖాస్తుదారులకు అందకముందే అది ఖాళీ అయింది.

మద్యం వ్యాపారం వర్ధిల్లాలని మేము కోరడం లేదు. అక్కడ గిన్నెలు కడిగి, నేల తుడిచి పిల్లలను పోషించుకునేవాడి ఆకలి మాత్రం హరామ్ కాదు. ఇదే గీత రేపు మన వీధి బిర్యానీ హోటల్ మీద గీస్తే ఏ న్యాయం అడుగుతామో, మనకు నచ్చనివాడి కోసమూ అదే అడగాలి. అప్పుడే అది న్యాయం, లేకుంటే పక్షపాతం. ఈ రెంటి మధ్య తేడా గ్రహించే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.