ఓర్పునకును ఉపేక్షకును గల భేదము

మఠమునందైనను, విద్యాసంస్థయందైనను ఏదేని లోపము కానవచ్చినప్పుడు రెండు విధములగు మాటలు వినబడుచుండును. "దీనిని నేడే మార్పవలెను, లేనిచో ఈ సంస్థయే వలదు" అని కొందఱందురు. "తొందర యేల? కాలమే చక్కబఱచును" అని మఱికొందఱందురు. మొదటివారు సంస్థను విడిచిపోవుదురు. రెండవవారు అందే యుండియు లోపము జోలికి పోరు. సంస్థలో నిలిచి దానిని బాగుచేయగోరు భక్తునకు ధర్మమార్గ మేది? మెల్లగా నడచుట ఎంతవఱకు ఓర్పు? ఎచ్చటినుండి అది ఉపేక్ష యగును?

ఈ ప్రశ్నకు బసవేశ్వరుని జీవితమే మంచి ఉదాహరణము. 12వ శతాబ్దిలో ఆయన కల్యాణమున బిజ్జలుని కొలువులో భాండాగారాధికారిగా నుండెను. రాజ్యమునకు వెలుపల నిలిచి నిందించుటతో తృప్తి చెందలేదు. అధికారములో నుండియే కాయకమునకు గౌరవమును, దాసోహమునకు ఆచరణమును కల్పించెను. చెప్పులు కుట్టు హరళయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, కట్టెలమ్ము మోళిగె మారయ్య మొదలగువారు ఒకే గోష్ఠిలో కూర్చుండి తత్త్వవిచారము చేసిరి. కలిసి కూర్చుండుట, కలిసి భుజించుట చూచుటకు చిన్న పనులే. అవి నిత్యము జరుగుటచేతనే మనుష్యుల మనస్సులు మాఱినవి.

బసవేశ్వరుడు రాజధనమును జంగములకు వ్యయము చేయుచున్నాడని కొందఱు బిజ్జలునితో చెప్పిన కథ పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కలదు. బసవేశ్వరుడు కోపింపలేదు, పదవిని వదలి పోలేదు. భాండాగారమును తెఱపించి లెక్క చూపెను, కొఱత కానరాలేదు. దీనిని శివమహిమగా భక్తులు గ్రహింతురు. ఇందు మఱియొక పాఠమును గలదు. సంస్థను దిద్దగోరువాడు ముందుగా తన లెక్కను పదుగురి యెదుట పెట్టగలిగి యుండవలెను.

పిమ్మట హరళయ్య కుమారునికిని, బ్రాహ్మణకులమున పుట్టి శరణుడైన మధువయ్య కుమార్తెకును వివాహము జరిగెను. ఆ తండ్రు లిద్దఱును క్రూరమగు రాజదండనకు గురియైరి. బసవేశ్వరుడు కల్యాణమును వీడి కూడలసంగమమునకు వెడలెను. ఇది తొందరపాటు కాదా యని అడుగువారు గలరు. కాని ఆ వివాహము ఒక్కనాటి ఆవేశమున పుట్టినది కాదు. ఏండ్ల తరబడి కలిసి కూర్చుండినవారి నడుమ సహజముగా పండిన ఫలము. దాని కష్టమును తెలిసియే వారు తలకెత్తుకొనిరి. నిరపరాధులను దండించు కొలువులో కొనసాగుట ఓర్పు కాదని బసవేశ్వరుని ప్రయాణము తెలుపుచున్నది.

కావున పరీక్ష ఇది: ఆలస్యమువలన కలుగు బాధను ఎవరు మోయుచున్నారు? ఆలస్యము చేయువాడే మోసినచో అది ఓర్పు. తాను సుఖముగా నుండి ఇతరులచే మోయించినచో అది ఉపేక్ష.

ఆధునిక కాలమున హానగల్ కుమారస్వాములు మఠాధిపతులకు తగిన శిక్షణము కావలెనని తలచిరి. వారు ఏ మఠముతోను కలహింపలేదు. 1904లో మహాసభను నెలకొల్పిరి. 1909లో బాదామి చేరువను మలప్రభా తీరమున శివయోగమందిరమును స్థాపించి, వటువులకు విద్య గఱపి తరువాతి తరమును సిద్ధపఱచిరి. 1916లో బెళగావిలో ఏడుగురు ఉపాధ్యాయులు పూనుకొని ఒక పాఠశాలతో ప్రారంభించిన విద్యాసంఘమే నేడు కె.ఎల్.ఇ. సంస్థగా విస్తరించియున్నది. వీరి నడక మెల్లనిదే. కాని కష్టమును తామే భరించిరి, ఏనాడును నిలిచిపోలేదు.

"గట్టిగా పట్టుబట్టినచో మఠము చీలును, అందు తిని చదువుకొను పిల్లలకు అన్నము పోవును" అను మాటను త్రోసివేయరాదు. అందుచేతనే ఈ ఏట చేయదగినది, మరుసటి ఏటికి దారి యిచ్చునది యగు పనిని ఎన్నుకొనవలెను. వార్షికోత్సవమున ఆదాయవ్యయములను భక్తులకు చదివి వినిపించుట, పాలకవర్గమున స్త్రీలకు స్థానమిచ్చుట అట్టివి. "తరువాత చూతము" అను ప్రతి మాటకును ఒక తేదీ వ్రాసి యుంచవలెను. తేదీ లేని వాయిదా నిరాకరణముతో సమానము.

అయితే అన్నిటికిని వాయిదా చెల్లదు. ప్రసాదపు పంక్తిలో ఒక బాలుని కులము చూచి వేఱుగా కూర్చుండబెట్టినచో, తీర్మానము వచ్చు ఏట చేయుదమనుట ధర్మము కాదు. కట్టడములకు, నియమావళికి కాలము పట్టవచ్చును. ఆ బాలుని పంక్తిలోనికి పిలుచుటకు నేటి పూటయే చాలును. పెద్దలెవ్వరును పిలువకున్నచో, అచ్చట కూర్చున్న భక్తుడు తన విస్తరిని తీసికొని ఆ బాలుని ప్రక్కకు పోయి కూర్చుండవచ్చును. దానికి ఎవరి అనుమతియు అక్కఱలేదు.